అలెగేనీ వేధశాల

అలెగేనీ వేధశాల అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్ నగరానికి ఉత్తర భాగాన, రివర్‌వ్యూ పార్కు కొండపై నెలకొని ఉన్న ఖగోళ వేధశాల. ఇది పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందినది. 1859లో కొందరు స్థానిక వ్యాపారులు, పారిశ్రామికవేత్తలు దీనిని స్థాపించారు. 1867లో ఇది విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. ప్రస్తుత భవనం 1912లో ప్రారంభమైంది. శనిగ్రహ వలయాల స్వభావాన్ని వర్ణపటం ద్వారా నిరూపించడం, నక్షత్రాల దూరాలను కొలవడం, రైల్వేలకు ఖచ్చితమైన కాలాన్ని అందించడం ఇక్కడ జరిగిన ముఖ్యమైన పనులు. వీటితో సమానంగా ఈ వేధశాలకు పేరు తెచ్చినది మరొకటి ఉంది. ఎటువంటి రుసుము లేకుండా సామాన్య ప్రజలకు ఆకాశాన్ని చూపే సంప్రదాయం ఇక్కడ శతాబ్దానికి పైగా కొనసాగుతున్నది. కొత్త భవనం నిర్మాణానికి నిధులు సమకూర్చిన జాన్ బ్రషీర్ పట్టుదలే దీనికి మూలం.

స్థాపన

1859 ఫిబ్రవరి 15న అలెగేనీ పట్టణ ప్రముఖులు కొందరు అలెగేనీ దూరదర్శిని సంఘంగా ఏర్పడ్డారు. ఆనాటికి అలెగేనీ ఒక ప్రత్యేక పట్టణం. అది 1907లో పిట్స్‌బర్గ్ నగరంలో విలీనమైంది. పరిశోధన చేయడం ఈ సంఘం ఉద్దేశం కాదు. ఒక పెద్ద దూరదర్శినిని కొని, దాని ద్వారా చంద్రుణ్ణి, గ్రహాలను తాము చూడాలని, పట్టణ ప్రజలకు చూపించాలని వారు సంకల్పించారు. న్యూయార్క్‌కు చెందిన హెన్రీ ఫిట్జ్ తయారు చేసిన 13 అంగుళాల (33 సెంటీమీటర్ల) వక్రీభవన దూరదర్శినిని 1861లో నెలకొల్పారు. ఆ కాలంలో అది ప్రపంచంలోని పెద్ద దూరదర్శినులలో ఒకటి.

కొద్ది సంవత్సరాలలోనే సభ్యుల ఉత్సాహం సన్నగిల్లింది, ఆర్థిక ఇబ్బందులు పెరిగాయి. 1867లో వారు వేధశాలను వెస్టర్న్ యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాకు దానంగా ఇచ్చివేశారు. ఈ విద్యాసంస్థకే 1908లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం అని పేరు మారింది.

లాంగ్లీ కాలం

విశ్వవిద్యాలయం 1867లో శామ్యూల్ పియర్‌పాంట్ లాంగ్లీని సంచాలకునిగా నియమించింది. వేధశాలను నడపడానికి కావలసిన ధనం కోసం ఆయన ఒక మార్గం కనిపెట్టాడు. నక్షత్రాలు మధ్యాహ్నరేఖను దాటే క్షణాన్ని గమనిస్తే గడియారాన్ని ఎంతో ఖచ్చితంగా సరిదిద్దవచ్చు. ఆ కాలంలో ఊరికొక స్థానిక కాలం ఉండేది కనుక రైళ్ళ రాకపోకలలో గందరగోళం ఏర్పడేది. లాంగ్లీ 1869 నుండి పెన్సిల్వేనియా రైల్‌రోడ్ సంస్థకు తంతి ద్వారా ప్రతి దినం కాల సంకేతాలు పంపే ఏర్పాటు చేశాడు. రైల్వే చెల్లించిన సొమ్ముతో వేధశాల నిలదొక్కుకున్నది. 1883 నవంబరు 18న అమెరికా రైల్వేలు ప్రామాణిక కాలాన్ని అమలులోకి తెచ్చాయి. అలెగేనీ కాల సంకేతాలు 1920 వరకు కొనసాగాయి.

1872లో ఒక విచిత్రమైన సంఘటన జరిగింది. దూరదర్శిని ముందు భాగంలోని 13 అంగుళాల కటకాన్ని దొంగలు ఎత్తుకుపోయి, తిరిగి ఇవ్వడానికి డబ్బు అడిగారు. ఒకసారి డబ్బు ఇస్తే దేశంలో ఏ వేధశాల కటకానికీ రక్షణ ఉండదన్న ఉద్దేశంతో లాంగ్లీ అందుకు అంగీకరించలేదు. చివరికి కటకం దొరికింది గాని దానిపై గీతలు పడ్డాయి. ప్రసిద్ధ కటక నిర్మాత ఆల్వన్ క్లార్క్ దానిని మళ్ళీ సానబట్టి సరిచేశాడు. అందువల్లనే ఈ దూరదర్శినిని ఫిట్జ్-క్లార్క్ దూరదర్శిని అంటారు. నేడు సందర్శకులు చూసేది దీనిలోనుండే.

కీలర్, శనిగ్రహ వలయాలు

1891లో జేమ్స్ కీలర్ సంచాలకుడయ్యాడు. శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాలు ఘనపదార్థంతో చేసిన పళ్ళెం వంటివి కావని, అసంఖ్యాకమైన చిన్న చిన్న కణాల సమూహాలని జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1850లలోనే గణితం ద్వారా చూపించాడు. పరిశీలన ద్వారా దానికి ఋజువు 1895లో కీలర్ ఇచ్చాడు.

ఆయన అనుసరించిన పద్ధతి విద్యార్థులకు సులభంగా అర్థమవుతుంది. బండి చక్రం తిరిగేటప్పుడు ఇరుసు దగ్గరి భాగం నెమ్మదిగాను, అంచు వేగంగాను కదులుతాయి. వలయం ఒకే ఘనపదార్థమైతే దాని వెలుపలి అంచు ఎక్కువ వేగంతో తిరగాలి. విడివిడి కణాలైతే, గ్రహాలు సూర్యుని చుట్టూ తిరిగినట్లే, దగ్గరివి వేగంగాను దూరపువి నెమ్మదిగాను తిరగాలి. మనవైపు వచ్చే వస్తువు కాంతిలోని వర్ణపట రేఖలు నీలం వైపుకు, దూరమయ్యే వస్తువు రేఖలు ఎరుపు వైపుకు జరుగుతాయి. దీనినే డాప్లర్ ప్రభావం అంటారు. కీలర్ వలయాల వర్ణపటాన్ని ఛాయాచిత్రం తీసి రేఖల వంపును కొలిచాడు. లోపలి భాగమే వేగంగా తిరుగుతున్నట్లు తేలింది. ఈ పనికి ఉపయోగపడినది పైన చెప్పిన 13 అంగుళాల దూరదర్శినియే.

జాన్ బ్రషీర్

వేధశాల చరిత్రలో జాన్ బ్రషీర్ (1840-1920) స్థానం విశిష్టమైనది. ఆయన పెన్సిల్వేనియాలోని బ్రౌన్స్‌విల్ పట్టణంలో జన్మించాడు. ఆకాశంపై ఆసక్తి ఆయనకు తాతగారి నుండి వచ్చింది. తొమ్మిదేళ్ళ వయసులో ఒక దూరదర్శిని ద్వారా చంద్రుణ్ణి, శనిగ్రహాన్ని చూడడం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. కళాశాల చదువు లేకపోవడం వల్ల పిట్స్‌బర్గ్ ఇనుప కర్మాగారంలో యంత్రాల పనివానిగా చేరాడు. సొంతంగా దూరదర్శిని కొనే స్తోమత లేదు. అందువలన పగలంతా కర్మాగారంలో పని చేసి, రాత్రివేళ ఇంటి దగ్గర భార్య ఫీబీ సహాయంతో 5 అంగుళాల కటకాన్ని సానబట్టాడు. అది పూర్తి కావడానికి సుమారు మూడు సంవత్సరాలు పట్టింది.

ఆ కటకాన్ని ఆయన లాంగ్లీకి చూపించాడు. లాంగ్లీ ఆయనను ప్రోత్సహించి, అద్దాల తయారీని గురించిన పుస్తకం ఇచ్చాడు. తరువాత బ్రషీర్ ఎంతో శ్రమించి చేసిన 12 అంగుళాల అద్దం, వెండిపూత పూసే సమయంలో పగిలిపోయింది. ఆయన రెండవ అద్దం చేయడమే గాక, వెండిపూతకు మెరుగైన పద్ధతిని రూపొందించాడు. 1930లలో అల్యూమినియం పూత వచ్చే వరకు అనేక వేధశాలలు ఈ పద్ధతినే వాడాయి. విలియం థా అనే సంపన్నుని సహాయంతో కర్మాగారం పని మాని, పరికరాల తయారీశాల నెలకొల్పాడు. శనివలయాల పరిశీలనలో కీలర్ వాడిన వర్ణపటదర్శిని కూడా బ్రషీర్ చేసినదే. 1898 నుండి 1900 వరకు ఆయన వేధశాలకు తాత్కాలిక సంచాలకునిగా కూడా ఉన్నాడు. పట్టణ ప్రజలు ఆయనను ఆప్యాయంగా "అంకుల్ జాన్" అని పిలిచేవారు.

కొత్త భవనం - ఉచిత ప్రవేశం

పట్టణం పెరిగి, పొగ, వెలుతురు ఎక్కువ కావడంతో పాత వేధశాల పరిశీలనకు పనికిరాకుండా పోసాగింది. రివర్‌వ్యూ పార్కులో కొత్త భవనం కట్టాలని నిశ్చయించారు. నిధుల సేకరణ భారం బ్రషీర్ వహించాడు. మూడు లక్షల డాలర్లకు చేరిన ఆ నిధి కోసం ఆయన సంవత్సరాల తరబడి తిరిగాడు. 1900లో శంకుస్థాపన జరిగింది. నిధుల కొరత వల్ల పని ఆలస్యమై, 1912 ఆగస్టు 28న ప్రారంభోత్సవం జరిగింది. భవన శిల్పి థార్‌స్టెన్ బిల్‌క్విస్ట్.

భవనంలో మూడు గుమ్మటాలు ఉన్నాయి. రెండింటిని పరిశోధనకు కేటాయించారు. మూడవ గుమ్మటంలోని 13 అంగుళాల పాత దూరదర్శినిని, దానితోపాటు ఉపన్యాస మందిరాన్ని నగర ప్రజలకు, బడి పిల్లలకు ఉచితంగా అందుబాటులో ఉంచాలని బ్రషీర్ పట్టుబట్టాడు. తనవంటి శ్రామికునికి దూరదర్శిని దగ్గరకు వెళ్ళడం ఎంత కష్టమో ఆయనకు స్వానుభవం. అందువల్ల ప్రజల ప్రవేశం ఎవరో దయతలచి ఇచ్చే అవకాశంగా గాక, భవన ప్రణాళికలోనే ఒక భాగంగా ఏర్పడింది. పాత దూరదర్శినులను పక్కన పెట్టడం, అమ్మివేయడం అనేక సంస్థలలో జరిగింది. ఇక్కడ మాత్రం పరిశోధనకు పాతబడిన పరికరానికి ప్రజల సేవ రూపంలో కొత్త జీవితం లభించింది.

పరిశోధనకు ఉద్దేశించిన రెండు దూరదర్శినులు ఇవి:

* కీలర్ స్మారక పరావర్తన దూరదర్శిని: సుమారు 30 అంగుళాల అద్దం గలది, 1906 నాటిది.
* థా వక్రీభవన దూరదర్శిని: 30 అంగుళాల (76 సెంటీమీటర్ల) కటకం గలది. 1914లో పూర్తయింది. కటకాన్ని బ్రషీర్ సంస్థ తయారు చేసింది. గొట్టం పొడవు సుమారు 47 అడుగులు. ఇది అమెరికాలోని వక్రీభవన దూరదర్శినులలో మూడవ పెద్దది.

1905 నుండి 1920 వరకు సంచాలకునిగా ఉన్న ఫ్రాంక్ ష్లెసింజర్ ఇక్కడ నక్షత్రాల దూరాలను కొలిచే కార్యక్రమానికి పునాది వేశాడు. చేయి చాచి బొటనవేలిని ఒకసారి ఎడమ కంటితో, ఒకసారి కుడి కంటితో చూస్తే వేలు పక్కకు జరిగినట్లు కనిపిస్తుంది. అదేవిధంగా ఆరు నెలల వ్యవధిలో భూమి తన కక్ష్యలో ఒక వైపు నుండి రెండవ వైపుకు వెళ్ళినపుడు, దగ్గరి నక్షత్రాలు దూరపు నక్షత్రాల నేపథ్యంలో అతి స్వల్పంగా జరిగినట్లు కనిపిస్తాయి. దీనిని పారలాక్స్ అంటారు. దీనికోసం తీసిన ఛాయాచిత్రాల గాజు పలకలు లక్షకు పైగా వేధశాలలో ఉన్నాయి.

భవనం నేలమాళిగలో కీలర్, బ్రషీర్, ఫీబీ బ్రషీర్‌ల చితాభస్మం ఉంచారు. 1979లో ఈ భవనం అమెరికా జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేరింది.

ఉచిత ప్రజా కార్యక్రమాలు

వేధశాల నిర్వహించే ప్రజా కార్యక్రమాలు మూడు విధాలు. వీటిలో దేనికీ ప్రవేశ రుసుము లేదు.

* రాత్రి సందర్శనలు: వసంతం చివరి నుండి శరదృతువు వరకు, వారంలో నియమిత రాత్రులలో జరుగుతాయి. స్థలం పరిమితం కనుక ముందుగా పేరు నమోదు చేసుకోవాలి.
* ఉపన్యాసాలు: ఖగోళ శాస్త్రజ్ఞులు సామాన్యులకు అర్థమయ్యే రీతిలో తమ పరిశోధనలను వివరిస్తారు.
* వార్షిక సందర్శన దినం: ఈ సందర్భంలో మామూలు సందర్శనల కంటే ఎక్కువ మందికి భవనాన్ని, పరికరాలను చూసే వీలు కలుగుతుంది.

రాత్రి సందర్శన సాధారణంగా ఉపన్యాస మందిరంలో మొదలవుతుంది. వేధశాల చరిత్రను చిత్రాలతో పరిచయం చేసిన తరువాత మార్గదర్శకులు భవనం చూపిస్తారు. థా దూరదర్శిని గుమ్మటంలో దాని నిర్మాణాన్ని వివరిస్తారు. చివరగా 13 అంగుళాల దూరదర్శిని వద్ద, ఆకాశం నిర్మలంగా ఉంటే, ఒక్కొక్కరూ వరుసగా కన్ను ఆనించి చూస్తారు. మబ్బు పట్టిన రాత్రి నక్షత్రాలు కనిపించకపోయినా భవన సందర్శన, వివరణ యథాప్రకారం జరుగుతాయి.

దూరదర్శినిని అమర్చిన తీరు కూడా గమనించదగినది. దాని రెండు ఇరుసులలో ఒకటి భూమి అక్షానికి సమాంతరంగా, ధ్రువ నక్షత్రం వైపుకు వాలి ఉంటుంది. భూభ్రమణం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున పడమరకు కదులుతున్నట్లు కనిపిస్తుంది. దూరదర్శిని అదే వేగంతో ఆ ఇరుసుపై తిరిగితే నక్షత్రం దృష్టిక్షేత్రంలో స్థిరంగా నిలుస్తుంది. వరుసలోని చివరి వ్యక్తి కూడా మొదటి వ్యక్తి చూసిన వస్తువునే చూడగలుగుతాడు.

ఏమి కనిపిస్తుంది

చీకటిలో మనిషి కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. 33 సెంటీమీటర్ల కటకం దానికంటే దాదాపు 2,200 రెట్లు ఎక్కువ కాంతిని సేకరిస్తుంది. దీని ద్వారా చూడదగినవి:

* చంద్రుడు: పూర్ణిమ కంటే అష్టమి పరిసరాలలో చూడడం మంచిది. వెలుగు చీకట్లు కలిసే రేఖ వెంబడి నీడలు పొడవుగా పడి బిలాలు, పర్వతాలు స్పష్టంగా కనిపిస్తాయి.
* బృహస్పతి: మేఘాల పట్టీలు, గెలీలియో 1610లో చూసిన నాలుగు ఉపగ్రహాలు.
* శనిగ్రహం: వలయాలు 2025 మార్చిలో భూమికి అంచుగా వచ్చి దాదాపు కనిపించకుండా పోయాయి. అప్పటి నుండి క్రమంగా విచ్చుకుంటున్నాయి. 2032 ప్రాంతంలో పూర్తిగా విచ్చుకుని కనిపిస్తాయి.
* జంట నక్షత్రాలు: హంస రాశిలోని ఆల్బిరియో. పసుపు, నీలం రంగుల జంట.
* నక్షత్ర గుచ్ఛాలు: హెర్క్యులిస్ రాశిలోని ఎం13. లక్షలాది నక్షత్రాల ముద్ద. దూరం 20 వేల కాంతి సంవత్సరాలకు పైగా.

పత్రికలలో ముద్రించే రంగుల చిత్రాలను తలచుకుని వెళ్ళేవారికి మొదట కొంత నిరాశ కలగవచ్చు. ఆ చిత్రాలు గంటల తరబడి కాంతిని సేకరించి తయారు చేసినవి. మన కంటికి ఆ శక్తి లేదు. పైగా మందమైన వెలుతురులో కన్ను రంగులను గుర్తించలేదు. అందువల్ల నీహారికలు, గెలాక్సీలు దూరదర్శినిలో బూడిదరంగు మసకలుగానే ఉంటాయి. శనిగ్రహం కూడా చిన్నదిగానే కనిపిస్తుంది. కాని అది చిత్రం కాదు. గంటకు పైగా ప్రయాణించి శనిగ్రహం నుండి వచ్చిన కాంతి, కీలర్ వాడిన కటకం గుండానే వచ్చి సందర్శకుని కంట పడుతున్నది. పుస్తకంలో చదివిన వలయాలు నిజంగా అక్కడ ఉన్నాయని ఎవరికి వారు నిర్ధారించుకోగలగడమే ఈ కార్యక్రమాల ప్రయోజనం.

పొగ, వెలుతురు సమస్యలు

పిట్స్‌బర్గ్ ఉక్కు పరిశ్రమకు పేరు పొందిన నగరం. బొగ్గు పొగ వల్ల ఒకప్పుడు పట్టపగలే వీధి దీపాలు వెలిగించవలసి వచ్చేది. 1941లో పొగ నియంత్రణ చట్టం చేశారు. ఆ చట్టం అమలుతోను, తరువాత పరిశ్రమలు తగ్గడంతోను గాలి మెరుగుపడింది. కాని విద్యుద్దీపాల కాంతి మరో సమస్య అయింది. చంద్రుణ్ణి, ప్రకాశవంతమైన గ్రహాలను, జంట నక్షత్రాలను ఇది అంతగా బాధించదు. మసకగా ఉండే గెలాక్సీలను మాత్రం మింగివేస్తుంది. వీధి దీపాల కాంతి ఆకాశం వైపు పోకుండా నియంత్రించేందుకు పిట్స్‌బర్గ్ నగరపాలక సంస్థ 2021లో ఒక శాసనం చేసింది. నగరంలో నివసించే పిల్లలకు పాలపుంత కనుమరుగవుతున్న ఈ రోజుల్లో, నగరం మధ్య నుండే ఆకాశాన్ని చూపించే వేధశాల అవసరం మరింత పెరిగింది.

నక్షత్రశాలతో పోలిక

వేధశాలకు, నక్షత్రశాలకు భేదం ఉంది. వేధశాలలో నిజమైన ఆకాశాన్ని చూస్తాము. నక్షత్రశాలలో గుమ్మటంపై ప్రక్షేపించిన ఆకాశాన్ని చూస్తాము. పిట్స్‌బర్గ్‌లో బుల్ నక్షత్రశాల 1939లో ప్రారంభమైంది. 1991 నుండి అది కార్నెగీ సైన్స్ సెంటర్‌లో ఉన్నది. ఆ కేంద్రానికి 2024లో కామిన్ సైన్స్ సెంటర్ అని పేరు మారింది. ఇది విశ్వవిద్యాలయానికి చెందినది కాదు, ప్రవేశానికి టికెట్టు ఉంటుంది. నక్షత్రశాలకు మబ్బులతో పనిలేదు. ఏ దేశపు ఆకాశాన్నైనా, ఏ కాలపు ఆకాశాన్నైనా పట్టపగలే చూపించగలదు. రాశులను గుర్తుపట్టడం అక్కడ నేర్చుకుని, తరువాత వేధశాలకు వెళ్ళడం విద్యార్థులకు మంచి పద్ధతి.

తెలుగు సందర్శకులకు

పిట్స్‌బర్గ్ శివారులోని పెన్‌హిల్స్‌లో 1970లలో నిర్మించిన శ్రీవేంకటేశ్వరాలయం వల్ల ఈ నగరం అమెరికాలోని తెలుగువారికి చిరపరిచితం. ఇక్కడి ఆకాశం తెలుగునాట చూసే ఆకాశం కంటే కొంత భిన్నంగా ఉంటుంది. ధ్రువ నక్షత్రం ఎత్తు ఆ ప్రదేశపు అక్షాంశానికి సమానం. హైదరాబాదులో అది సుమారు 17 డిగ్రీల ఎత్తున ఉంటే, పిట్స్‌బర్గ్‌లో 40 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. సప్తర్షి మండలం ఇక్కడ దాదాపు అస్తమించదు. దక్షిణాన ఉండే అగస్త్య నక్షత్రం మాత్రం ఇక్కడ ఎప్పుడూ ఉదయించదు. జూన్ నెలలో రాత్రి 9 గంటలు కావస్తుంటే గాని సూర్యుడు అస్తమించడు కనుక నక్షత్రాలు ఆలస్యంగా కనిపిస్తాయి.

వివాహ సమయంలో వధూవరులకు చూపించే అరుంధతీ వసిష్ఠులు సప్తర్షి మండలంలోనివే. ఈ రెంటినీ మామూలు కంటితోనే విడివిడిగా చూడవచ్చు. దూరదర్శినిలో చూస్తే వసిష్ఠ నక్షత్రం ఒక్కటిగా గాక, రెండు నక్షత్రాలుగా విడిపోతుంది. వాటిలో ప్రకాశవంతమైనది కూడా జంట నక్షత్రమేనని 1889లో వర్ణపటం ద్వారా తెలిసింది.

ప్రాముఖ్యం

ప్రజలకు చూపించాలన్న కోరికతో పుట్టిన ఈ వేధశాల విశ్వవిద్యాలయం చేతిలో పరిశోధనా కేంద్రంగా ఎదిగింది. ఆ ఎదుగుదలలో మొదటి ఉద్దేశం మరుగున పడకుండా కాపాడిన ఘనత బ్రషీర్‌ది. 1861లో నెలకొల్పిన దూరదర్శిని ఈనాటికీ పనిచేస్తూ ఉండడానికి, దాని ముందు ప్రతి సంవత్సరం వరుస కట్టే సందర్శకులే ప్రధాన కారణం.

ఇవి కూడా చూడండి

* దూరదర్శిని
* శనిగ్రహం
* సప్తర్షి మండలం
* నక్షత్రశాల
* డాప్లర్ ప్రభావం